అమ్మకు ఎవరు చెప్పారు

"మొన్న పడవ ఎక్కినవంట గద," అంది అమ్మ.

ఆదివారం ఉదయం అది. భవానీపూర్‌లో నేను అద్దెకున్న గది కిటికీ దగ్గర కూర్చుని, ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో టీలో బిస్కెట్ ముంచుకుంటున్నాను. బిస్కెట్ మెత్తబడి విరిగి కప్పులో పడిపోయింది. శుక్రవారం సాయంత్రం ఫోను చేసి లైబ్రరీలో ఉన్నానని అమ్మకు చెప్పింది నేనే. ఆ మాట చెప్పేటప్పటికి క్లాసువాళ్ళం ఆరుగురం బాబూఘాట్‌లో లాంచీ కోసం నిలబడి ఉన్నాం. అవతలి ఒడ్డుకు వెళ్ళి, మట్టి కప్పుల్లో టీ తాగి, పొద్దు గుంకకముందే మళ్ళీ లాంచీలోనే తిరిగి వచ్చాం. అంతకు మించి ఏమీ జరగలేదు.

"ఏం పడవ?" అన్నాను.

"నీకు ఈత రాదు బిడ్డా," అంది అమ్మ. ఆ తర్వాత బడిలో కొత్తగా వేసిన బోరు గురించి చెప్పుకుంటూ పోయింది.

అమ్మ కరీంనగర్ దగ్గర ఒక ఊళ్ళో సర్కారు బడిలో తెలుగు చెప్పేది. నాన్న బస్సు కండక్టరు. నన్ను పై చదువుకి కోల్‌కతా పంపడానికి ఆయన ఒక్క పూటలో ఒప్పుకున్నాడు. అమ్మ రెండు నెలలు తీసుకుంది. క్లాసు, లైబ్రరీ, గది తప్ప నాలుగోచోటు ఉండకూడదని షరతు పెట్టింది. నేను తల ఊపాను. వచ్చిన మూడో వారానికే ఆ షరతు గాలికి పోయింది.

అక్కడ పోకుండా ఉండడం కష్టం. నాలుగింటికి క్లాసు అయిపోతే మెయిన్ గేటు ఎదురుగా టీ కొట్టు బెంచీల మీద ఒకరి పక్కన ఒకరు సర్దుకుని కూర్చునేవాళ్ళు. గంటసేపు ఫుట్‌బాల్ మీదనో, ఎన్నికల మీదనో, మాస్టార్ల మీదనో వాదించుకునేవాళ్ళు. వాదన తేలకపోతే మరో టీ చెప్పేవాళ్ళు. కొందరు వీధి క్లబ్బులో క్యారమ్స్‌కి పోతే, కొందరు మైదానం దాకా నడిచి పోయేవాళ్ళు. నాకు బెంగాలీ అర్థమయ్యేసరికి ఆర్నెల్లు పట్టింది గానీ, ఆ కూర్చోవడం మాత్రం మొదటి వారంలోనే వచ్చేసింది. అమ్మకు మాత్రం లైబ్రరీ అనే చెప్పేదాన్ని.

మా గదిలో మంచాలు రెండు. రెండో మంచం నాకంటే రెండేళ్ళు చిన్నదైన ఒక అమ్మాయిది. బి.కాం. ఆఖరి సంవత్సరం. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లుకి పనికొచ్చి అక్కడే ఉండిపోయాడట. తనదీ వాళ్ళ నాన్నదీ పుట్టుక అక్కడే. కాలేజీలో ఉదయం ఆరుంబావుకే క్లాసులు మొదలవుతాయి కాబట్టి ఇంటి నుంచి రావడం కుదరక గది తీసుకుంది. పదకొండుకల్లా గదికి వచ్చేసేది. నన్ను అక్కా అనేది. తన తెలుగు నాకు వింతగా ఉండేది. "ఏటక్కా, ఇయ్యాల కూడా టీ కొట్టేనేటి?" అనేది. మధ్యలో బెంగాలీ మాటలు దొర్లేవి. నేను నవ్వేదాన్ని, తనూ నవ్వేది.

సాయంత్రం గదికి రాగానే ఆ రోజు ఎక్కడెక్కడ తిరిగానో, ఎవరేమన్నారో పూసగుచ్చినట్టు చెప్పడం నాకు అలవాటు. తను కాళ్ళు ముడుచుకుని కూర్చుని, మరమరాల డబ్బా ముందు పెట్టుకుని వినేది. పడవ సంగతి కూడా అలాగే చెప్పాను. అయినా ఆ ఆదివారం నాకు తన మీద అనుమానమే రాలేదు. అమ్మ ఎవరో తనకు తెలియదనుకున్నాను. తెలిసినా, అలా నోరు విప్పి చెప్పగల ధైర్యం ఉన్న పిల్ల కాదనుకున్నాను. నేను తనను ఎంత తక్కువగా లెక్కవేశానో ఆ అనుకోవడంలోనే ఉంది.

మొదట అనుమానించింది ఫోనునే. దారి చూపించే యాప్‌లన్నీ తీసేశాను. అదీ చాలక మెట్రో స్టేషన్ పక్కన రిపేరు కొట్టులో ఇచ్చి మొత్తం తుడిపించాను. ఫొటోలు సగం పోయాయి.

రెండు వారాలకు గరియాహాట్‌లో జుట్టు మెడ దాకా కత్తిరించుకున్నాను. చెబితే అమ్మ ఏడుస్తుందని, వీడియోలో మాట్లాడేటప్పుడల్లా తలనొప్పి అని చెప్పి చున్నీ చుట్టుకునేదాన్ని. మూడోసారి అలా చుట్టుకుని కూర్చుంటే అమ్మ నింపాదిగా అంది.

"ఆ చున్నీ తియ్యి. ఉక్కపోస్తలేదా? జుట్టుదేమున్నది, మళ్ళ పెరుగుతది."

"నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తే ఏంది? అబద్ధమా?"

యాప్‌లు తుడిపేస్తే జుట్టు సంగతి ఎలా తెలుస్తుంది? ఎవరో చూస్తున్నారు. చూసింది చూసినట్టు మా ఊరికి చేరవేస్తున్నారు. అప్పటి నుంచి ఎవరు నా వైపు తలెత్తినా ఎందుకు ఎత్తారా అని ఆలోచించేదాన్ని. మా ఇంటి యజమానురాలు డెబ్బై ఏళ్ళావిడ. అందరం ఆవిడను మాసీమా, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్ళం. వరండాలో కుర్చీ వేసుకుని గేటు చూస్తూ కూర్చోవడం ఆవిడకు రోజువారీ పని. ఒకరోజు నేను లోపలికి వస్తుంటే ఫోనులో మాట్లాడుతూ నన్ను చూసి గొంతు తగ్గించింది. మెట్ల మలుపులో ఆగి చెవి రిక్కించాను. మోకాళ్ళ నొప్పులకు ఏదో నూనె గురించి చెబుతోంది. ఆవిడకు బెంగాలీ తప్ప మరో భాష రాదు, అమ్మకు తెలుగు తప్ప రాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా ఆగి విన్నాను.

మా క్లాసులో కళ్ళద్దాల అబ్బాయి ఒకడు ఉండేవాడు. టీ కొట్టు దగ్గర ఎప్పుడూ నా పక్కనే కూర్చునేవాడు. అతని గురించి కూడా అమ్మ ఒకరోజు అడిగింది. "ఆ కళ్ళద్దాల పిలగాడు ఏమైతడు నీకు?" అని. అసలు ఏమవుతాడో నాకే తెలియదప్పటికి. మర్నాడు టీ కొట్టు దగ్గర అతన్ని పక్కకు పిలిచి, "మా అమ్మ నెంబరు నీ దగ్గర ఉందా?" అని అడిగాను.

"ఉంటే మాత్రం ఏ భాషలో మాట్లాడాలి?" అన్నాడు.

"అది నా ప్రశ్నకు జవాబు కాదు."

అతను టీ సగంలో వదిలి లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పది రోజులు బెంచీకి అవతలి కొసన కూర్చున్నాడు. మిగతావాళ్ళు కూడా నేను రాగానే మాటలు తగ్గించడం మొదలుపెట్టారు. అది కూడా నాకు అనుమానంగానే తోచింది.

చివరికి నాకు ఒక ఉపాయం తట్టింది. ముగ్గురికి మూడు అబద్ధాలు చెప్పాను. శుక్రవారం కాళీఘాట్ గుడికి వెళ్తున్నానని మాసీమాకు చెప్పాను. సినిమాకు వెళ్తున్నానని కళ్ళద్దాల అబ్బాయికి వినబడేలా అన్నాను. క్లాసు ఎగ్గొట్టి లోకల్ రైల్లో సముద్రం వైపు డైమండ్ హార్బర్ దాకా పోతున్నామని గదిలో అమ్మాయికి చెప్పాను. ఆ శుక్రవారం ఎక్కడికీ వెళ్ళలేదు. క్లాసు అయ్యాక లైబ్రరీ మూసేదాకా లైబ్రరీలోనే కూర్చున్నాను. కోల్‌కతా వచ్చాక అంతసేపు అక్కడ కూర్చోవడం అదే మొదలు.

శనివారం సాయంత్రం అమ్మ ఫోను చేసింది. కూర ఏం వండుకున్నావని అడిగింది. తన కాలు వాపు తగ్గిందని చెప్పింది. ఆ తర్వాత, "సముద్రం దాంక పోయినవంట. గాలి బాగొచ్చిందా?" అంది.

పక్క మంచం ఖాళీగా ఉంది. తను స్నానానికి వెళ్ళింది. నేను ఫోను పెట్టేసి, ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గుపడే పని చేశాను. తన అలమర తెరిచాను. బట్టల మడతల్లో, పుస్తకాల మధ్య, చేతిసంచిలో వెతికాను. ఏం దొరుకుతుందనుకున్నానో నాకే తెలియదు. దువ్వెన, రైలు పాసు, కొబ్బరినూనె సీసా, అకౌంట్స్ గైడు. స్నానాలగది గడియ చప్పుడు వినగానే అన్నీ కుక్కి తలుపు మూశాను. తను వచ్చి తల తుడుచుకుంటూ అలమర తెరిచింది, ఒక్క క్షణం అలాగే నిలబడింది. బట్టలన్నీ మంచం మీద వేసి ఒక్కొక్కటే మళ్ళీ మడత పెట్టుకుంది.

ఆ మరుసటి బుధవారం ఎప్పటిలా తొమ్మిదిన్నరకు బయల్దేరాను గానీ, ఒంటిగంట క్లాసుకు వెళ్ళకుండా తిరిగి వచ్చాను. ఒకటిన్నర అయింది. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల తన గొంతు.

"లేదమ్మా, ఏటీ తినకుండానే ఎల్లిపోయింది. ఆ, నిన్న ఆరింటికే వచ్చీసింది. ఆ అబ్బాయా? నాకు తెల్దమ్మా. ఇప్పుడు మాటాడుకోట్లేదనుకుంటాను."

తలుపు తోసుకుని వెళ్ళాను. తను మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది, ఒళ్ళో నోటుబుక్కు, చేతిలో పెన్సిలు, చెవి దగ్గర ఫోను. నేను ఫోను లాక్కున్నాను. తెర మీద అమ్మ నెంబరు. అంకెలన్నీ నాకు కంఠతా వచ్చు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"అక్కా, ఫోను ఇటియ్యి. సెప్తాను."

"ఏం చెప్తావు? ఇంకా చెప్పడానికి ఏం మిగిలింది? ఒకే గదిలో ఉంటూ, నా మాటలన్నీ విని, మా ఇంటికి మోస్తావా? మీ మిల్లు లైన్లలో నేర్పేది ఇదేనా?"

ఆ చివరి మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. మిల్లు లైను, అంటే ఆ కూలీల ఇళ్ళ వరస, నేను ఎప్పుడూ చూడను కూడా లేదు. తను ఫోను కోసం చేయి చాపింది. నేను ఇచ్చేశాను. లైను ఇంకా తెగలేదు, అటువైపు అమ్మ అంతా వింటోంది. తను "ఉంటానమ్మా" అని చెప్పి ఫోను పెట్టేసింది. నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది, రెండు జతల బట్టలు సర్దుకుంది. మాసీమాతో ఏదో చెప్పి వెళ్ళిపోయింది.

రెండు రోజులు అమ్మ ఫోను చేయలేదు. మూడో రోజు నేనే చేసి, అమ్మ హలో అనే లోపే మొదలుపెట్టాను. కూతురి మీద గూఢచారిని పెట్టుకునే తల్లిని ఎక్కడా చూడలేదన్నాను. ఇంకా చాలా అన్నాను. అమ్మ అంతా అయ్యేదాకా ఆగింది.

"అయిపోయిందా? ఇగ నేను చెప్పాల్నా?"

"చెప్పు."

"ఆ పిల్లకు అ ఆలు చెప్తున్ననే. నాలుగు నెలలయింది. మా బడిల భోజనం బెల్లు కొట్టినంక అర్ధగంట. గుణింతాలయినయి, ఒత్తుల కాడికి వచ్చినం."

నాకు ఏమీ అర్థం కాలేదు. అమ్మ మెల్లగా చెప్పుకొచ్చింది. ఒకరోజు నేను ఫోను గదిలోనే మరిచిపోయి క్లాసుకి వెళ్తే, అమ్మ చేసినప్పుడు ఆ అమ్మాయి ఎత్తింది. మాటల్లో అమ్మ తెలుగు టీచరని తెలిసింది. తనకు తెలుగు చదవడం నేర్పుతారా అని ఆ అమ్మాయి అడిగింది. అక్కకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

"నాకెందుకు చెప్పకూడదు? అడిగితే నేనే నేర్పేదాన్ని కదా."

"నిన్నడిగిందంట. నవ్వినవంట."

"నేనెప్పుడు నవ్వాను?"

"ఆ సంగతి ఆమెనే అడుగు."

నేను ఊరుకోలేదు. "మరి నా సంగతులు? పాఠంలో అవి కూడా ఉన్నాయా?"

ఫోనులో బడి పిల్లల గోల వినబడుతోంది. "పాఠం అయినంక నేనే అడిగిన. ఏడికి పోయింది, ఏం తిన్నది అని. ఆమె అబద్ధం చెప్పలే. నువ్వు నిజం చెప్పలే," అంది.

అయినా కోపం పోలేదు. పాఠం ఆశ చూపి ఆ పిల్ల నోటి నుంచి మాటలు లాగిందన్న కోపం, అమ్మ మీద చాలాకాలం ఉండిపోయింది.

ఆదివారం మాఝేర్‌హాట్‌లో లోకల్ ఎక్కి బడ్జ్ బడ్జ్ వెళ్ళాను. ఇల్లు ఎక్కడో తెలియదు. స్టేషన్ నుంచి ఫోను చేస్తే, నాలుగుసార్లు మోగాక ఎత్తింది. "అక్కడే ఉండక్కా, వస్తాను," అంది. ఇంటికి తీసుకువెళ్ళలేదు. నన్ను నేరుగా రేవు దగ్గరికి నడిపించుకుపోయింది. ఒకవైపు నూనె డిపో ట్యాంకులు, ఇంకోవైపు మిల్లు గోడ. రేవు మెట్ల మీద కూర్చున్నాం.

"ఆ మిల్లు మాట అనకుండా ఉండాల్సింది," అన్నాను.

"అన్నావు కదా," అంది తను. నీళ్ళ వైపే చూస్తోంది.

"నేనెప్పుడు నవ్వాను? నిజంగా నాకు గుర్తులేదు."

తను చెప్పింది. "నువ్వు కొత్తగా వచ్చిన రోజులు. మా పెద్దనాన్న కూతురి పెళ్ళి కార్డు వచ్చింది, టెక్కలి నుంచి. తెలుగులో ఉన్నాది. సదివి సెప్పక్కా అని నీకిచ్చేను. పక్క గదిలో పిల్లలు కూడా ఉన్నారు. తెలుగువాళ్ళయుండి తెలుగు రాదేంటి, కార్డు తలకిందులుగా పట్టుకున్నావు చూడు అన్నావు. ఇందీలో కూడా సెప్పేవు ఆళ్ళకి. అందరూ నవ్వీసేరు."

నేను ఎంత వెతుక్కున్నా ఆ కార్డు నాకు జ్ఞాపకం రాలేదు. ఇప్పటికీ రాదు. అంత తేలిగ్గా అనేసి ఉంటాను.

"అందుకే దాచావా?"

"సిగ్గేసింది మరి. సదవడం వచ్చీసేక ఒకేసారి సూపిద్దారనుకున్నాను."

"అమ్మ అడిగితే తెలియదని చెప్పొచ్చు కదా, నా గురించి."

తను నా వైపు తిరిగింది. "మొదట అలగే సెప్పేను. అమ్మ పాపం భయపడతంది, అందుకని సెప్పేను. పడవ సంగతి అందుకే. జుట్టు సంగతి మాత్రం," అని ఆగింది. "అది సెప్పక్కర్లేదు. కావాలనే సెప్పేను. నీ మీద కొంచెం కసి ఉండీది. నిన్ను ఎవులైనా నిలదీస్తే బాగుణ్ననుకున్నాను."

ఆ మాట విన్నాక నాకు వింతగా ఊపిరి తేలికయింది. ఇన్ని వారాలు నేను అనుమానించింది పూర్తిగా నా భ్రమ కాదు. అదే సమయంలో, ఆ కసికి మూలం నేనే. రెండూ ఒకేసారి నిజమైనప్పుడు ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలో నాకు తెలియలేదు. చివరికి నేనే అలమర సంగతి చెప్పాను.

"తెలుసక్కా," అంది తను. "నాను మడత పెట్టే పద్ధతి వేరు."

వారం తర్వాత గదికి తిరిగి వచ్చింది. పాఠాలు ఆగలేదు, కాకపోతే ఇప్పుడు నాకు తెలిసే జరిగేవి. క్లాసు లేని రోజుల్లో నేనూ గదిలోనే ఉండి వినేదాన్ని. ఫోను స్పీకర్లో అమ్మ "క్ష" రాయించేది, తను పళ్ళ బిగువున రాసేది. నాతో ఎన్నడూ చూపని ఓపిక అమ్మ గొంతులో వినిపించేది. కొంచెం అసూయపడ్డానని ఒప్పుకోవాలి. పాఠం అయ్యాక నా గురించి అడగనని అమ్మ మాట ఇచ్చింది. నేను లేనప్పుడు ఏం జరిగేదో మాత్రం చెప్పలేను.

మా మధ్య మునుపటి ధారాళం తిరిగి రాలేదు. సాయంత్రం గదికి వచ్చాక మాట్లాడుకునేవాళ్ళం గానీ, నేను ఏది చెప్పాలన్నా ముందు ఒకసారి లోపల తూచుకునేదాన్ని. అది తనకు తెలిసేది. కళ్ళద్దాల అబ్బాయికి క్షమాపణ చెబితే నవ్వి ఊరుకున్నాడు, బెంచీ మీద మళ్ళీ నా పక్కకు జరిగాడు. ఆ తర్వాత చదువైపోయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళాడు. మొదట్లో మెసేజ్‌లు వచ్చేవి.

దాచి లాభం లేదని అమ్మకు అన్నీ నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఇవాళ మైదానం పోయాం, ఇవాళ సినిమా, ఇవాళ క్లాసు ఎగ్గొట్టాను అని. మొదటి వారం అమ్మ ఆత్రంగా వింది. రెండో వారం "ఊ" కొట్టింది. నెల తిరిగేసరికి, "సరే గని, స్టవ్ మీద పాలున్నయి, తర్వాత మాట్లాడ్త" అని పెట్టేసేది.

నా చదువు పూర్తయ్యేటప్పుడు అమ్మ నాలుగు రోజులకని కోల్‌కతా వచ్చింది. అప్పటికి ఆ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి గార్డెన్ రీచ్ వైపు ఒక ఆఫీసులో చేరింది. స్టేషన్‌కు నాకంటే ముందే వచ్చి నిలబడింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ముఖాముఖి చూడడం అదే మొదలు. అమ్మ దాని చెంపలు రెండు చేతులతో పట్టుకుని, "నేననుకున్నకంటె సన్నగున్నవు," అంది. నాకు వైవా ఉన్న రోజు అమ్మను తను బడ్జ్ బడ్జ్ తీసుకువెళ్ళింది. పొద్దుట పోయిన మనుషులు సాయంత్రానికి వచ్చారు. ఇద్దరి కళ్ళూ కొంచెం ఎర్రగా ఉన్నాయి, ఇద్దరూ నవ్వుతున్నారు.

"ఏం మాట్లాడుకున్నారు అంతసేపు?" అని అమ్మను అడిగాను.

"ఏమున్నది, ముచ్చట్లు," అంది.

అమ్మ కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు అదే మాట ఆ అమ్మాయిని అడిగాను.

"ఏటీ లేదక్కా, ఊసులు," అంది, చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ.